టెక్ సందేహాలు: సొంత యాడ్ బ్లాకర్‌కు టెస్టర్లు కావాలి

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. క్రోమ్‌ కోసం సొంతంగా యాడ్ బ్లాకర్ ఎక్స్‌టెన్షన్ (ప్రకటనలను ఆపేందుకు బ్రౌజర్‌కు జోడించుకునే చిన్న ప్రోగ్రామ్) తయారుచేశాను. నా వెనక ఏ కంపెనీ లేదు. డబ్బు తీసుకుని ఏ ప్రకటననూ వదిలిపెట్టను. నా ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తోంది. జిప్ ఫైలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి టెస్ట్ చేయమని అడగొచ్చా?
– ఓ విద్యార్థి, కాకినాడ

జవాబు: జిప్ మాత్రం వద్దు. అది వేసుకోవాలంటే డెవలపర్ మోడ్ ఆన్ చేసి 'లోడ్ అన్‌ప్యాక్డ్' నొక్కాలి. అలా ఎక్కించింది తనంతట తాను అప్‌డేట్ కాదు. మీరు నిన్న సరిచేసిన తప్పునే రేపు పదిమంది మళ్లీ చెబుతుంటారు. పైగా ఎవరో పంపిన ఫైలును బ్రౌజర్‌లోకి ఎక్కించుకోవడం మనవాళ్లకు అలవాటు చేయకండి, ఇప్పటికే ఏపీకే ఫైళ్లతో పడుతున్న అవస్థ చాలు.

క్రోమ్ వెబ్ స్టోర్‌లో డెవలపర్ రిజిస్ట్రేషన్‌కు ఒక్కసారి 5 డాలర్లు కట్టాలి. ఎక్స్‌టెన్షన్‌ను 'ప్రైవేట్'గా ఉంచి టెస్టర్ల ఈమెయిళ్లు ఇస్తే వాళ్లకే కనిపిస్తుంది. లింకు ఉన్నవాళ్లంతా వేసుకోవాలంటే 'అన్‌లిస్టెడ్' ఎంచుకోండి.

ఇక 'నా ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తోంది' అన్నారు చూడండి, అసలు చిక్కు అక్కడే. ఒక ప్రకటన తప్పించుకుంటే ఎవరికీ నష్టం లేదు. కరెంటు బిల్లు కట్టే పేజీలో 'పే' బటన్ మాయమైతే మాత్రం మీ ఎక్స్‌టెన్షన్ ఆ రోజే చెత్తబుట్టలోకి పోతుంది. ఉదాహరణకు, అడ్రస్‌లో ఏ, డి అక్షరాలు పక్కపక్కన కనిపిస్తే ఆపేయమని నియమం రాశారనుకుందాం. ఇంగ్లిష్ స్పెల్లింగులో డౌన్‌లోడ్, అప్‌లోడ్‌లతో పాటు హైదరాబాద్, నిజామాబాద్ కూడా దానికి చిక్కుతాయి. ఆదిలాబాద్ అయితే రెండుసార్లు! అందుకే నియమం ముందు రెండు నిలువు గీతలు (||) పెట్టి, ప్రకటనల సర్వర్ డొమైన్ పేరు పూర్తిగా రాసి, చివర ^ గుర్తు పెట్టాలి. అప్పుడు ఆ సర్వర్ నుంచి వచ్చేవే ఆగుతాయి.

కాబట్టి టెస్టర్లను 'ఎలా ఉంది?' అని అడక్కండి. 'సూపర్ బ్రో' అన్న జవాబు దేనికీ పనికిరాదు. ఏ పేజీ, ఏం నొక్కితే ఏమైంది, ఎక్స్‌టెన్షన్ ఆపితే బాగైందా... ఈ మూడూ చెప్పమనండి. అందరూ మీ క్లాస్‌మేట్లే అయితే లాభం లేదు. రోజూ తెలుగు వార్తల సైట్లు చూసే పెద్దాయన ఒకరు, ఆన్‌లైన్‌లో టికెట్లు, బిల్లులు చూసుకునే గృహిణి ఒకరు ఉండాలి. వార్తల సైట్లలో ప్రకటన పోయినా 'ప్రకటన' అన్న చిన్న అక్షరాలు, వాటికింద బెత్తెడు తెల్లటి ఖాళీ మిగిలిపోతాయి. దానికి వేరే దాచే నియమాలు రాయాలి. అన్నీ మొదటినుంచి మీరే రాయక్కర్లేదు. ప్రకటనలను ఆపే నియమాల జాబితాలు సిద్ధంగా దొరుకుతాయి: 2005 నుంచి నడుస్తున్న ఈజీలిస్ట్ ఉంది, మన భాషల సైట్ల కోసం ఇండియన్‌లిస్ట్ ఉంది. లైసెన్సు చదివి వాడుకోండి. అయితే క్రోమ్ ఒక ఎక్స్‌టెన్షన్‌కు గ్యారంటీగా ఇచ్చేది 30,000 స్థిర నియమాలే (ఎక్స్‌టెన్షన్‌తో పాటే వచ్చేవి). అది దాటితే మిగతా ఎక్స్‌టెన్షన్లతో కలిసి ఉమ్మడి కోటాలోంచి తీసుకోవాలి.

ఏ ప్రకటననూ వదలనన్న మాట బాగుంది. 2011లో యాడ్‌బ్లాక్ ప్లస్ 'ఆమోదయోగ్య ప్రకటనలు' అంటూ కొన్నింటిని వదలడం, పెద్ద కంపెనీల దగ్గర అందుకు డబ్బు తీసుకోవడం వల్లే చాలామంది దానికి దూరమయ్యారు. కానీ 'నా వెనక ఎవరూ లేరు' అన్నంత మాత్రాన జనం నమ్మరు, నమ్మకూడదు కూడా. నానో యాడ్‌బ్లాకర్ కూడా ఒక్కరు చేసిందే. 2020లో అది చేతులు మారింది, కొత్తవాళ్లు అందులో హానికర కోడ్ పెట్టారు. వాడుతున్నవాళ్లకు ఆ సంగతి వెంటనే తెలియలేదు. మీ ఎక్స్‌టెన్షన్ కూడా అన్ని సైట్లలోని డేటా చదివే అనుమతి అడుగుతుంటే, ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి. కోడ్ బహిరంగంగా పెట్టండి. రేపు ఎవరైనా కొంటామని వస్తే ఏం చేస్తారో కూడా ఇప్పుడే చెప్పండి.

ప్రశ్న: క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ ఆగిపోయింది. ఫోన్‌లోనైనా వేసుకునే దారి ఉందా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: యూబ్లాక్ ఆరిజిన్ నడిచేది ఎక్స్‌టెన్షన్ల పాత పద్ధతి అయిన మానిఫెస్ట్ వీ2 మీద. దానికి క్రోమ్ 2025లో పూర్తిగా మంగళం పాడింది. కంప్యూటర్‌లో క్రోమే కావాలంటే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ వేసుకోండి. పేరులో యూబ్లాక్ ఉన్నవన్నీ ఒకటి కాదు, డెవలపర్ పేరు రేమండ్ హిల్ అని ఉందో లేదో చూసుకోండి. పాతదే కావాలంటే ఫైర్‌ఫాక్స్‌లో హాయిగా నడుస్తోంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు వేసుకోలేం, ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం ఫోన్‌లోనూ వేసుకోవచ్చు. అయితే అది బ్రౌజర్‌లో తెరిచిన పేజీలకే పనిచేస్తుంది, యూట్యూబ్ యాప్‌లో వచ్చే ప్రకటనలను ఆపలేదు.