బ్యాంకాక్‌లో ఎక్కడ దిగాలి?

ప్రశ్న: డిసెంబరులో అమ్మతో బ్యాంకాక్ వెళ్తున్నాను. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. బస ఎక్కడ?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఖావోసాన్ రోడ్డు చవకే గానీ అమ్మా, అర్ధరాత్రి దాకా పాటల మోత. సీలోం వైపు చూడండి. మారియమ్మన్ గుడి అక్కడే, దక్షిణాది హోటళ్లూ ఉన్నాయి. సఫాన్ తాక్సిన్ మెట్రో స్టేషన్‌లో దిగితే పక్కనే రేవు. రాజభవనానికి పడవలోనే పోవచ్చు, అమ్మకు నడక తగ్గుతుంది. గది మాత్రం మెయిన్ రోడ్డు మీదే తీసుకోండి. నేనోసారి గల్లీ చివర తీసుకుని, ఎండలో పెట్టె ఈడ్చలేక అమీర్‌పేట మెట్రో మెట్లే నయమనుకున్నా! కూరగాయల వంటల్లోనూ చేపల సాస్ పోస్తారు, జాగ్రత్త. పసుపు జెండా మీద ఎర్రగా థాయ్ లిపిలో 'జే' (శుద్ధ శాకాహారం) అని ఉంటే నిశ్చింతగా తినొచ్చు.