దొమ్మ వ్యాధి ఏ వైపు నుంచి వచ్చిందో జన్యు పరీక్ష చెబుతుందా?

ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో దొమ్మ వ్యాధి, అంటే ఆంత్రాక్స్, తలెత్తినప్పుడల్లా కొండ కింద ఆంధ్రలో ఉన్న సాలూరు వైపు సంతల నుంచి వచ్చిన పశువులే దాన్ని తెచ్చాయని కొండమీదివారు, కొండమీది నుంచే తమకు దిగిందని కిందివారు వాదించుకుంటున్నారనీ, క్రిమి జన్యుక్రమం చదివితే ఈ తగవు తీరిపోదా అనీ మీరు అడిగారు. ఒక్క జన్యుక్రమంతో తీరదు. ఆ జిల్లాలోని పొట్టంగి పరిసరాల్లో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి విరమించినవాడిని కనుక ఈ మాట ధైర్యంగానే చెప్పగలను.

ఒక తొలకరిలో, ఘాట్ రోడ్డుకు దూరంగా ఉన్న పల్లెలో ఎద్దు చనిపోయిందని కబురు వచ్చింది. నేను చేరేసరికి తోలు ఒలిచి, మాంసం వాటాలు వేసుకోవడం కూడా అయిపోయింది. ముక్కు నుంచి నల్లటి నెత్తురు గడ్డకట్టకుండా కారిందనీ, చచ్చాక కూడా కాళ్లు బిగుసుకోలేదనీ చెప్పగానే నాకు సంగతి అర్థమైంది. అటువంటి కళేబరాన్ని అసలు కోయకూడదు. గాలి తగిలితే ఆ క్రిమి గట్టి పెంకు గల సిద్ధబీజంగా మారి, దశాబ్దాల తరబడి మట్టిలో నిలిచి ఉంటుంది. కొద్ది రోజులకే కోసినవారిలో కొందరి చేతుల మీద నడుమ నల్లగా పక్కు కట్టిన, నొప్పిలేని పుండ్లు లేచాయి. ఆరోగ్య సిబ్బంది సకాలంలో మందులు ఇచ్చినందువల్ల అందరూ కోలుకున్నారు.

ఆ ఎద్దు యజమాని తండ్రి పార్వతీపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంవాడు. “తాతా, ఈ ఎద్దును ఎక్కడ కొన్నారు?” అని అడిగాను. “కింద సంతలోనే కొన్నాం బాబూ, కానీ అది సంక్రాంతికి ముందు మాట. మొన్న చెరువు గట్టుకని మట్టి తవ్విన చోట కొత్త గడ్డి మొలిస్తే అక్కడ మేసింది. మా అయ్య కాలంలో చచ్చిన పశువులను పాతింది అక్కడే” అన్నాడు. దొమ్మ సోకిన పశువు సాధారణంగా వారం రోజుల్లోపే పడిపోతుంది. నెలల కిందట కొన్న ఎద్దు ఆ రోగాన్ని సంత నుంచి మోసుకువచ్చే వీలే లేదు. ఏ యంత్రమూ అక్కర లేకుండా ఆ పెద్దాయన మాటతోనే సగం తగవు తీరిపోయింది.

ఫారంలో “ప్రదేశం” అన్న గడిలో రెండు మాటలకు మించి పట్టవు కనుక, ఆయన చెప్పినదంతా వెనుకవైపు రాసి నమూనాతో పంపాను. పై కార్యాలయంవారు ఆ కాగితాన్ని ఫైలులో ఉంచుకుని, టైపు చేసిన లేఖ ఒకటి జతపరిచారని తరువాత తెలిసింది. అందులో ప్రదేశం “కొరాపుట్ జిల్లా” అని మాత్రమే ఉంది. దాదాపు 8,800 చదరపు కిలోమీటర్ల జిల్లాలో ఆ ఎద్దు ఎక్కడ మేసిందో ప్రయోగశాలవారు ఎలా ఊహించాలి?

దొమ్మ క్రిమి విషయంలో ఈ లోపం మరీ పెద్దది. దాని జన్యుక్రమంలో సుమారు 52 లక్షల అక్షరాలు, వాటికి తోడు విషాన్నీ పైపొరనూ తయారుచేయించే రెండు చిన్న జన్యు వలయాలు ఉంటాయి. క్రిమి చీలి సంతతిని పెంచుకునేటప్పుడు నకలులో దొర్లే తప్పులను పోల్చి శాస్త్రజ్ఞులు వంశవృక్షం గీస్తారు. సిద్ధబీజంగా మట్టిలో పడి ఉన్నంతకాలం అది చీలదు, తప్పులూ పోగుపడవు. అందువల్ల తాతల కాలంలో పాతిన పశువులోని క్రిమికీ నిన్న చచ్చిన ఎద్దులోని క్రిమికీ తేడా దాదాపు కనిపించకపోవచ్చు. కొండమీది నమూనా, కింది నమూనా ఒకేలా ఉన్నాయని తేలినా, ఒకచోటి నుంచి రెండోచోటికి ఈ ఏడాదే పాకిందని దాని అర్థం కాదు.

చీటీ తప్పితే ఎంత దూరం పోతుందో అమెరికావారికీ అనుభవమే. 1981లో టెక్సస్‌లో చనిపోయిన ఆవు నుంచి తీసిన క్రిమిని సైనిక ప్రయోగశాలకు పంపిన పెట్టె మీద అయోవా రాష్ట్రంలోని ఏమ్స్ పట్టణపు చిరునామా ఉన్నందున, దానికి ఏమ్స్ అన్న పేరే స్థిరపడిపోయింది. 2001లో ఉత్తరాల్లో పొడిగా వచ్చి 5 మందిని బలిగొన్నది ఆ రకమే. ఆ పొడి నుంచి పెంచిన క్రిముల్లో కొన్ని భిన్నంగా కనిపించగా, వాటిలోని మార్పులను పట్టుకుని దర్యాప్తువారు అదే సైనిక ప్రయోగశాలలోని ఆర్ఎంఆర్-1029 అనే ఫ్లాస్కు దాకా వెళ్లారు. అంత చేసినా, కేవలం శాస్త్రీయ ఆధారాలతో మూలాన్ని కచ్చితంగా నిర్ధారించలేమని అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీ 2011లో తేల్చింది. ఎవరు ఎప్పుడు ఏ గదిలోకి వెళ్లారో రాసి ఉన్న చోటే ఆ పరిస్థితి ఉంటే, మన సంతల సంగతి చెప్పనక్కరలేదు.

లంపీ చర్మవ్యాధి వంటి వాటిలో జన్యు పరీక్షకు ఇంతకంటే పట్టు దొరుకుతుంది, ఎందుకంటే ఆ వైరస్ ఈగలు, దోమల ద్వారా పశువు నుంచి పశువుకు పాకుతూ పెరుగుతూనే ఉంటుంది. మన దేశంలో అది 2019లో మొదట కనిపించింది ఒడిశాలోనే. 2022 విజృంభణ నాటి నమూనాలను బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థవారు పరిశీలిస్తే రెండు రకాలు బయటపడ్డాయి. ఒకటి 2019 రాంచీ, 2020 హైదరాబాద్ నమూనాలకు దగ్గరిది, రెండోది 2015లో రష్యాలో దొరికినదాన్ని పోలినది. పోలిక కనిపించింది కదా అని రష్యా నుంచి నేరుగా వచ్చిందనుకోవడం తొందరపాటు. నడుమ నమూనాలు తీయని దేశాలు ఎన్నో ఉన్నాయి.

పశువు చెవికి 12 అంకెల బిళ్ల వేసే పథకం ఉంది కదా అంటారు. సంతలో చేతులు మారిన పశువుకు ఆ బిళ్ల ఊడిపోయి ఉండటం నేను తరచూ చూశాను, ఉన్నా కొత్త యజమాని పేరు ఎక్కించినవారు అరుదు. రాష్ట్రం దాటితే రోగం వివరాలు వేరే రిజిస్టరులోకి పోతాయి. మీ తగవు తీరాలంటే ముందుగా సుంకి ఘాట్‌కు పైనా కిందా పశువులను పాతిన చోట్ల మట్టి, కొత్తగా చచ్చిన పశువుల నమూనాలు ఒకే ప్రయోగశాలకు చేరాలి. ప్రతి సీసా మీద ఊరు, మేసిన బీడు, కొన్న సంత, కొన్న నెల, చచ్చిన తేదీ ఉండాలి, ఆ చీటీని నడుమ ఎవరూ తిరగరాయకూడదు.