కనుమ నాడు కాకి కూడా కదలదు

ఒరేయ్ అల్లుడూ,

నీకు తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. కాబట్టి ఇది మీ అమ్మే చదివి వినిపించాలి. చెల్లీ, నీకు నచ్చని చోట దాటేయకుండా చదువు. వాణ్ని తిట్టిన చోట గొంతు పెంచి, నిన్ను తిట్టిన చోట తగ్గించడం లాంటి పనులు చేయకు.

నవంబరులో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో, అదే క్లబ్బులు కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, నీ పేరు పిలిచారని మీ నాన్న ఫోన్ చేసేసరికి ఇక్కడ మధ్యాహ్నం, నేను అన్నం ముందు కూర్చున్నాను. ఆ పూట పెరుగన్నం దాకా వెళ్లలేదు. ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా వీధి చివరిదాకా వెళ్లి అందరికీ చెప్పొచ్చాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదనుకో. ఫుట్‌బాల్ అనగానే మెస్సీ అన్నారు. అది కాదు, చేత్తో పట్టుకోవచ్చు, కోలగా ఉండే బంతి, జట్టుకు పద్దెనిమిది మంది, నాలుగు కర్రల మధ్యలోంచి తన్నాలి, నడిమి రెండింటి మధ్య వెళ్తే ఆరు పాయింట్లు, పక్కవాటి మధ్య వెళ్తే ఒకటి అని పెళ్లి శుభలేఖ వెనక బొమ్మ గీసి మరీ చెప్పాను. "అయితే కబడ్డీయా, క్రికెట్టా?" అన్నాడు మన కిరాణా కొట్టాయన. రెండూ అన్నాను.

ఆ సంతోషం నెల కూడా నిలవలేదు. డిసెంబరులో గొంతు వాచిందన్నారు, మెడ కింద బిళ్లలు కట్టాయన్నారు, రక్తపరీక్ష చేసి గ్లాండ్యులర్ ఫీవర్ అనే వైరస్ జ్వరం అన్నారు. మీ అమ్మ ఇదంతా దిష్టి అంది. కుటుంబం గ్రూపులో నీ క్లబ్బు జెర్సీ ఫొటోలు నలభై పెడితే తగలదా మరి! దిష్టి తీయించుకో, నాకేం అభ్యంతరం లేదు. ఎండుమిరపకాయలు తిప్పేసిన చేత్తోనే డాక్టరు ఇచ్చిన తేదీ కూడా క్యాలెండరు మీద రాసి పెట్టమను.

అసలీ ఉత్తరం రాయడానికి కారణం వేరు. మొన్న భోగి నాడు మీ అమ్మ నవ్వుతూ చెప్పింది: "వీడు సోమవారం నుంచి ట్రైనింగ్‌కి వెళ్తాట్ట అన్నయ్యా, డాక్టరు అడిగితే బాగున్నానని చెప్పేస్తాట్ట." ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా చెయ్యి ఎడమ పక్కటెముకల కింద ఉంది. ఎందుకో చెప్తాను, ముందు చిన్న సంగతులు తెమిల్చేస్తాను.

నిద్ర పో. నీళ్లు తాగు. నీ సీసా ఇంకొకడికి ఇవ్వకు, ఇంకొకడిది నువ్వు తాగకు. ఈ వైరస్ ఉమ్మిలో ఉంటుంది, తగ్గాక కూడా కొన్నాళ్లు ఉంటుంది. గొంతు పూర్తిగా మానేదాకా ఆవకాయ జోలికి పోకు. మీ తోటివాళ్లు శనివారం రాత్రి బీరు అంటే నీకు వద్దను, ఈ జబ్బు కాలేయాన్ని కూడా తడుముతుంది. క్లబ్బులో తిండి చూసే అమ్మాయి చెప్పింది తిను. అంతే.

ఇక నా కథ.

1979లో నాకు పంతొమ్మిదేళ్లు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాలేజీ కబడ్డీ జట్టులో మొదటి కూత నాదే. ఆ ఏడు అంతర కళాశాలల పోటీలు చూసి యూనివర్సిటీ జట్టుకు పన్నెండు మందిని తీసుకుంటారని తెలిసింది. సరిగ్గా దానికి నెల ముందు టైఫాయిడ్ వచ్చింది. ఆరోజుల్లో టైఫాయిడ్ అంటే క్లోరోమైసిటిన్ గొట్టాలు, బార్లీ నీళ్లు, నూకల జావ. మా అమ్మ వంటింటి గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసేది. జ్వరం విడిచాక ఇరవై ఒక్క గీతలు పడేదాకా గుమ్మం దాటనివ్వనంది. పన్నెండో గీత దగ్గర పోటీలు వచ్చాయి.

నేను గొడవ పడ్డాను, అలిగాను, అన్నం మానేశాను (అన్నం ఎక్కడుంది, జావే కదా). చివరికి అమ్మ ఒక మెట్టు దిగింది. కాంపౌండరు గారు వచ్చి చూసి జ్వరం లేదంటే వెళ్లు అంది. ఆరోజుల్లో సాయంత్రాలు నాకు కొంచెం వెచ్చగా ఉంటోందని నాకు తెలుసు. ఆయన సైకిలు గంట వినపడగానే చల్లటి గోలీ సోడా ఒకటి గుక్క తిప్పుకోకుండా తాగాను. తాగేసి ఆ నోట్లోనే థర్మామీటరు పెట్టించుకున్నాను. ఆయన వెలుతురుకి పెట్టి చూసి, "నార్మలేనమ్మా, పంపించండి" అన్నాడు.

కోచ్ అడిగితే బాగున్నానన్నాను. చూడు, నువ్వు అనబోతున్న మాటే!

మొదటి మూడు కూతల్లో ముగ్గుర్ని తాకి వచ్చాను. నాలుగో కూతలో గీత దగ్గరకొచ్చాక ఊపిరి తెగింది. ఎప్పుడూ తెగని చోట తెగింది. నలుగురూ మీద పడ్డారు, ఒకడి మోకాలు ఎడమ పక్కన దిగింది. లేచి దులుపుకుని వచ్చాను. రెండో సగంలో కోర్టు మధ్యలో కళ్లు తిరిగి పడిపోయాను, మ్యాచ్ పోయింది. ఆ రాత్రి మళ్లీ నూట మూడు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నా పొట్ట మీద వేళ్లు పెట్టి, ఊపిరి పీల్చు అన్నాడు. ఎడమ పక్కటెముకల కింద నొక్కి చూసి ఆగిపోయాడు. "ప్లీహం వాచి ఉంది. దీంతో నువ్వు కబడ్డీ ఆడావా?" అన్నాడు. ఆడానండీ అన్నాను. ఆయన తిట్టలేదు. నర్సు వైపు తిరిగి, "ఆ మోకాలు ఇంకో అంగుళం లోపలికి దిగి ఉంటే వీడు ఇక్కడిదాకా వచ్చేవాడు కాదు" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్నేమో.

మన ఊళ్లో దాన్ని కడుపులో బల్ల అనేవాళ్లు. నీ గ్లాండ్యులర్ ఫీవర్‌లో కూడా వాచేది అదే బల్ల. మామూలుగా పక్కటెముకల చాటున భద్రంగా ఉండేది, వాచినప్పుడు కిందికి జారి పల్చబడుతుంది. చిట్లడం అరుదేనని నాకూ తెలుసు, నూటికి ఒక్కరికి కూడా జరగదు. చిట్లితే మటుకు లోపలే నెత్తురు పోతుంది. ఎక్కువ భయం మొదటి మూడు వారాల్లో. అందుకే జబ్బు మొదలైన రోజు నుంచి కనీసం మూడు నాలుగు వారాలు ఒంటికి ఒళ్లు తగిలే ఆట వద్దంటారు, ఆ తర్వాత కూడా డాక్టరు చూసి సరేనంటేనే. పైగా మీది హెల్మెట్ లేని ఆట. ఒకడి వీపు మీద మోకాళ్లు ఆన్చి గాల్లోకి లేచి బంతి పడతారే, మీరంతా స్పెక్కీ అని చప్పట్లు కొట్టేది, 2019లో మెల్‌బోర్న్ వచ్చినప్పుడు మీ నాన్న దాన్ని నాకు టీవీలో మూడుసార్లు వెనక్కి తిప్పి చూపించాడు. మూడుసార్లూ నేను బంతిని చూడలేదు, కిందవాడి పక్కటెముకలనే చూశాను.

ఒక గుర్తు మాత్రం కంఠస్థం చేసుకో. ఎడమ వైపు పొట్ట పైభాగంలో నొప్పి, లేదా దెబ్బేమీ తగలకుండానే ఎడమ భుజం కొసన నొప్పి, దాంతోపాటు కళ్లు తిరగడం. భుజమే కదా, పట్టేసిందిలే అని మసాజ్ బల్ల ఎక్కకు. ఉన్నచోటే ఆగి ఎవరికైనా చెప్పు, ఆంబులెన్సుకి ఫోన్‌లో మూడు సున్నాలు నొక్కించు. చెల్లీ, ఈ పేరా రెండుసార్లు చదువు.

సరే, ప్లీహం సంగతి స్కానింగ్ చూస్తుంది, డాక్టర్లు చూస్తారు. నీ నీరసాన్ని చూసే యంత్రం మాత్రం లేదు. నీ వీపు మీద జీపీఎస్ పెడతారు, ఎన్ని కిలోమీటర్లు ఉరికావో లెక్క వస్తుంది. ఆ కిలోమీటర్లు నీ ఒంట్లోంచి ఏం తీసుకెళ్లాయో దానికి తెలియదు. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసినవాడి లెక్క చెప్తాను విను. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందు, మణికట్టు పట్టుకుని నిమిషం పాటు నాడి లెక్కపెట్టు. నోట్‌బుక్‌లో రాయి. మామూలుకంటే పది దెబ్బలు ఎక్కువుంటే ఆ రోజు కోచ్‌కి ఆ అంకె చెప్పు. రెండోది, పరుగెత్తిన రోజు హుషారును నమ్మకు, మర్నాడు ఎలా ఉందో చూసుకో. ఈ జబ్బు అప్పు ఇచ్చేటప్పుడు నవ్వుతూ ఇస్తుంది, వసూలుకి మర్నాడు వస్తుంది. ముందు నడక, తర్వాత సైకిలు, తర్వాత మెల్లగా పరుగు, ఒంటరిగా బంతితో పని. మనిషిని పట్టి పడేసే ట్యాకిల్ అన్నిటికంటే ఆఖరున. ఒక మెట్టు మీద మర్నాడు తేలిగ్గా లేస్తేనే తర్వాత మెట్టు.

ఆ రెండు కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో నీతో డ్రాఫ్టయిన పిల్లలు ఎంతలో కొట్టారో నువ్వు ఫోన్‌లో చూసుకుంటున్నావట. చూడకు. మార్చిలో మొదటి మ్యాచ్‌లో నువ్వు లేకపోతే ఆకాశం ఊడిపడదు, రిజర్వుల్లో ఆడి సెప్టెంబరుకి పైకి రా, వచ్చే ఏడు రా. మీ నాన్న నాకు ఒకాయన సంగతి చెప్పాడు, అలస్టెయిర్ లించ్ అని. మీ ఆటవాడే. 1995లో క్రానిక్ ఫటీగ్ అనే విడవని నీరసం జబ్బు వచ్చి దాదాపు ఏడాదంతా ఆటకు దూరమయ్యాడు. నీది అంత పెద్దది కాదులే. అంతటితో ఆయన పని అయిపోయిందన్నవాళ్ల ముందే తిరిగొచ్చి, 2001, 2002, 2003, వరసగా మూడేళ్లు బ్రిస్బేన్‌తో గ్రాండ్ ఫైనల్ గెలిచాడు. అప్పటికాయనకి ముప్పై దాటాయి. నీకు పద్దెనిమిది. ఏమిట్రా నీ తొందర?

ఆ తొందర ఎందుకో నాకు తెలియకపోలేదు. ఆసియా, ఆఫ్రికా ఇళ్ల పిల్లల కోసం క్లబ్బు నడిపే అకాడమీలోంచి వచ్చావు. నీ పేరు సరిగ్గా పలకడమే వాళ్లు ఇప్పుడిప్పుడు నేర్చుకుంటున్నారు. ఇప్పుడు పడుకుంటే, వీడికి చేతకాదు అనుకుంటారని నీ టెన్షన్. నేనూ మా జట్టులో పల్లెటూరి నుంచి వచ్చిన ఒకే ఒక్కణ్ని. నా గుండెలోనూ అదే ఉండేది.

నీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. నేను వెళ్లకపోయి ఉంటే ఆరోజు మొదటి కూతకు వెళ్లాల్సినవాడు పక్క ఊరి కుర్రాడు, నాకంటే ఏడాది చిన్న. బెంచీ మీద తుండు భుజాన వేసుకుని మ్యాచంతా చూశాడు. నేను పడిపోయాక దిగాడుగానీ అప్పటికే చేయి దాటిపోయింది. ఆ మరుసటి ఏడు వాళ్ల నాన్న పోతే చదువు మానేసి పొలం చూసుకున్నాడు. ఇప్పటికీ బస్టాండులో కనపడితే "బావా, టీ తాగుదాం రా" అంటాడు. డబ్బులు కూడా తనే ఇస్తాడు. ఆరోజు సంగతి ఒక్కసారైనా ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని నలభై ఏళ్లుగా అనుకుంటున్నాను.

నువ్వు పన్నెండేళ్లవాడివప్పుడు, ఆ మెల్‌బోర్న్ జూన్ చలిలో, వానలో, మీ ఇంటి దగ్గర గ్రౌండ్‌లో ఆడటం చూశాను. క్వార్టర్‌కి క్వార్టర్‌కి మధ్య నారింజ తొనలు పంచుతుంటే నువ్వు రెండు తీసుకుని ఒకటి పరుగెత్తుకొచ్చి గొడుగు కింద ఉన్న నాకు ఇచ్చావు. దానికి బురద అంటుకుంది. తినేశాను. ఆ రోజు నువ్వు బంతి ఎన్నిసార్లు పట్టావో నాకు గుర్తులేదు.

ఇవాళ కనుమ. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు మనవాళ్లు, ఎక్కడివాళ్లు అక్కడే ఉండి మినుములు తినాలంటారు. బయట ప్రభలు, బళ్లు, పక్క ఊళ్లో కబడ్డీ పోటీల మైకు. నన్ను రెఫరీగా రమ్మన్నారు, రానన్నాను. మీ అత్తయ్య గారెలు చల్లారుతున్నాయని రెండుసార్లు పిలిచింది. రేపటి నుంచి రోజూ పొద్దున నీ నాడి అంకె నాకు వాట్సాప్‌లో పంపు. గుడ్ మార్నింగులు, పూల బొమ్మలు వద్దు, అంకె చాలు.

చెల్లీ, గోలీ సోడా సంగతి అమ్మకు చెప్పకు. ఎనభై ఆరొచ్చినా ఆమె చీపురు ఇప్పటికీ తలుపు వెనకే ఉంటుంది. పైగా ఆ సాయంత్రం నా చేతిలో చిల్లర తీసుకుని, గౌను పట్టుకుని కొట్టుదాకా పరుగెత్తి సోడా తెచ్చిన ఏడేళ్ల పిల్ల ఎవరో కూడా చెప్పాల్సి వస్తుంది.

మీ మామయ్య