చలిలో మాత్రమే కారే డీజిల్: ఎక్కడ వెతకాలి?
గడ్డకట్టే చలిలో స్టార్ట్ చేయగానే డీజిల్ కారి, ఇంజిన్ వేడెక్కాక ఆగిపోతోందంటే మొదట అనుమానించవలసింది అతుకుల దగ్గర కారకుండా బిగించే గుండ్రటి రబ్బరు ఓ-రింగులనే. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడిన రింగు చలికి మరికాస్త కుంచించుకుపోయి సందు ఇస్తుంది. వేడి తగలగానే వ్యాకోచించి దాన్ని మూసేస్తుంది. అందుకే మధ్యాహ్నం మెకానిక్ దగ్గరికి తీసుకెళితే లోపం కనబడదు.

అమెరికాలో 1999–2003 నాటి ఫోర్డ్ 7.3 పవర్ స్ట్రోక్ ట్రక్కులనే తీసుకుంటే, ఫ్యూయల్ ఫిల్టర్ గిన్నె రెండు సిలిండర్ వరుసల నడుమ పల్లంలో ఉంటుంది. గిన్నెలో చేరిన నీటిని వదిలే డ్రెయిన్ వాల్వు, దానిలోని ఓ-రింగులు పాడై, కారితే డీజిల్ ఆ పల్లంలో నిండి, ఇంజిన్ వెనుక నుంచి గేర్‌బాక్సు మొదలు దగ్గర చుక్కలుగా పడుతుంది. దాన్ని ఇంజిన్ వెనుక క్రాంక్‌షాఫ్టు చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే సీలు లోపమనుకుని గేర్‌బాక్సు దింపించడం శుద్ధ దండుగ.

బండిని రాత్రంతా బయటే ఉంచి, తెల్లవారాక పల్లాన్ని పొడిగా తుడిచి, స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేస్తే, విద్యుత్ పంపు కొన్ని సెకన్ల పాటు లైన్లలో ఒత్తిడి నింపుతుంది. ఆ కాస్త సమయంలోనే టార్చి వేసి, వాల్వు పసుపు పిడి చుట్టూ తడి ఎక్కడ పుడుతోందో చూడాలి. డీజిల్‌ను చాలా ఎక్కువ ఒత్తిడితో పంపే కామన్ రైల్ ఇంజిన్లలోనైతే లీకును చేత్తో తడమడం ప్రమాదకరం, అట్టముక్క వాడాలి.

కొత్త రింగులకు డీజిల్‌ను తట్టుకునే వైటాన్ అనే రబ్బరు మంచిదే గానీ, మామూలు రకం సుమారు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర బిగుసుకుంటుంది కనుక అమెరికాలోని మిన్నెసోటా వంటి గడ్డకట్టే చలి ఉండే చోట్ల చలికి తగిన రకాన్నే అడిగి కొనాలి.