ఆప్టిమిస్ట్ తర్వాత ఏ పడవ?

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు, 46 కిలోలు. హుస్సేన్‌సాగర్‌లో ఆప్టిమిస్ట్ (పిల్లల చిన్న తెరచాప పడవ) నడుపుతోంది. ఇక నేరుగా ఒలింపిక్ పడవ ఎక్కించమని కొందరంటున్నారు. ఎక్కించవచ్చా?
– ఒక తండ్రి, సికింద్రాబాద్

జవాబు: ఇప్పుడే వద్దండి. ఒలింపిక్స్‌లో మహిళలు ఒంటరిగా నడిపే ఐఎల్‌సీఏ 6 (పాత పేరు లేజర్ రేడియల్) తెరచాప 5.76 చదరపు మీటర్లు. ఆప్టిమిస్ట్‌ది 3.3 మాత్రమే. గాలి పెరిగితే 46 కిలోల పిల్ల ఎంత బయటికి వాలినా ఆ పడవ నిలవదు. రేసంతా తాడు వదలడంతోనే సరిపోతుంది. 4.7 చదరపు మీటర్ల ఐఎల్‌సీఏ 4 ఉన్నది ఈ వయసు వాళ్ల కోసమే. దాన్ని చిన్నచూపు చూడకండి, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ రజతం గెలిచింది అందులోనే. అమ్మాయి 55 కిలోలు దాటాక 6 సంగతి చూడవచ్చు.

ఖర్చు గురించి బెంగ వద్దు. ఐఎల్‌సీఏ 4, 6, 7 మూడింటికీ పడవ ఒకటే, పొడవు 4.23 మీటర్లు. మారేవి తెరచాప, దాన్ని నిలిపే స్తంభంలో కింది ముక్క. పాత పడవ కొంటుంటే ముందు స్తంభం దిగే గొట్టంలో నీళ్లు నింపి పావుగంట ఆగండి. మట్టం తగ్గిందా, గొట్టం అడుగు అరిగి నీరు పడవ లోపలికి కారుతున్నట్టే. అలాంటిది కొనకండి.

మొదటి నెలల్లో ఎక్కువమందిని ముంచేది వ్యాంగ్, అంటే బూమ్‌ను (తెరచాప అడుగున అడ్డంగా ఉండే కర్రను) కిందికి లాగి పట్టే తాడు. ఎదురుగాలికి వెళ్లేటప్పుడు మెయిన్‌షీట్ (తెరచాపను లోపలికి లాగే తాడు) పూర్తిగా లాగి, వ్యాంగ్‌లో మిగిలిన వదులు తీసేయాలి. గాలి హెచ్చితే ఇంకా బిగించాలి. పై గుర్తు (రేసులో ఎదురుగాలి వైపు చివర ఉండే బోయా) తిరిగే ముందు మాత్రం దాన్ని వదలాల్సిందే. మరిచిపోతే బూమ్ కొస నీళ్లలో దిగి, పడవ మలుపు తీసుకోక బోల్తా పడుతుంది. అలాగని మరీ వదిలేస్తే వెనకగాలిలో తెరచాప పైభాగం ముందుకు మెలితిరిగి, పడవ గాలివైపుకే దొర్లుతుంది. అలా ఊగడం మొదలవగానే మెయిన్‌షీట్ చటుక్కున రెండు చేతుల పొడవు లాగమనండి.

ఒక సుఖం కూడా ఉంది. ఆప్టిమిస్ట్‌లో లాగా నీళ్లు చేత్తో తోడక్కర్లేదు. పడవ వేగం అందుకోగానే అడుగున ఉన్న బెయిలర్ (నీళ్లు బయటికి పోయే రంధ్రం) వాటిని లాగేస్తుంది.

ప్రశ్న: ఒక తరగతి (రకం) పడవలో గెలిచినవాళ్లు ఇంకో తరగతికి మారితే మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలా?
– డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: గాలి మళ్లింపు పసిగట్టడం, స్టార్ట్ గీత దగ్గర చోటు సంపాదించడం, నియమాలు వెంట వస్తాయి. శరీరం, చేతివాటం మాత్రం కొత్తగా తయారుకావాలి. బ్రిటన్ ఆటగాడు బెన్ ఐన్‌స్లీ 2000 ఒలింపిక్స్‌లో లేజర్ (నేటి ఐఎల్‌సీఏ 7) స్వర్ణం గెలిచాక, బరువైన ఫిన్ పడవ కోసం ఒళ్లు బాగా పెంచి 2004, 2008, 2012ల్లో స్వర్ణాలు తెచ్చుకున్నాడు. బ్రెజిల్ ఆటగాడు రాబర్ట్ షైట్ లేజర్‌లో రెండు స్వర్ణాలు, ఒక రజతం గెలిచి, ఇద్దరు నడిపే స్టార్‌కు మారి 2008లో రజతం, 2012లో కాంస్యం గెలిచాడు. ఆ తర్వాత స్టార్‌ను ఒలింపిక్స్ నుంచి తీసేయడంతో, నలభై దాటిన వయసులో మళ్లీ లేజర్ ఎక్కి 2016లో రియోలో నాలుగో స్థానంలో నిలిచాడు. టోక్యో తర్వాత ఫిన్‌నూ తీసేశారు. కొత్త తరగతిలో డబ్బు పెట్టే ముందు వచ్చే ఒలింపిక్స్ జాబితాలో అది ఉందో లేదో చూసుకోండి.