ఐసీ మార్చడం ఆపి, ముందు కొలవమనండి

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ రెండో సంవత్సరం. ఆరు నెలలుగా ఇంట్లో మాడ్యులర్ సింథసైజర్ అని ఒక సంగీత పరికరం తయారు చేస్తున్నాడు. దాని పవర్ సప్లై చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఇరవై నిమిషాలకు ఆగిపోతోంది, కాసేపటికి మళ్లీ పని చేస్తోంది. రెగ్యులేటర్ ఐసీ రెండుసార్లు మార్చాడు. ప్రతి ఆదివారం కోఠి గుజరాతీ గల్లీలోనే ఉంటాడు. అమీర్‌పేటలో జావా కోర్సులో చేరమంటే వినడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. దీంతో ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, కుషాయిగూడ

జవాబు: సింథసైజర్లు తయారు చేసి ఇల్లు గడపడం మన దగ్గర కష్టమే, ఆ మాట దాచను. కానీ ఆ వేడెక్కే పవర్ సప్లై సంగతి వేరు. దాన్ని సరిగ్గా బాగు చేయడం నేర్చుకుంటే అదే అతని వృత్తి కావచ్చు.

'కాసేపటికి మళ్లీ పని చేస్తోంది' అన్నారు. అంటే ఐసీ పాడవలేదు. వోల్టేజీని 12 దగ్గర నిలకడగా ఉంచే 7812 లాంటి రెగ్యులేటర్ ఐసీలు వేడి హద్దు దాటగానే తమంతట తామే ఆగిపోతాయి, చల్లారాక మొదలవుతాయి. మూడోది కొన్నా ఇదే జరుగుతుంది. విడి మాడ్యూళ్లను ఒకే పెట్టెలో బిగించే యూరోర్యాక్ రకం సింథసైజర్‌కు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు కావాలి. రెగ్యులేటర్‌లోకి 18 వోల్టులు వెళ్లి 12 బయటికొస్తే, మిగతా 6 వేడిగా మారాల్సిందే. మాడ్యూళ్లన్నీ కలిసి 0.8 ఆంపియర్లు లాగితే 4.8 వాట్ల వేడి. వేడిని గాలిలోకి వదిలే లోహపు ముక్క, అంటే హీట్‌సింక్, అసలు లేకపోతే ఒక్కో వాట్‌కు లోపలి చిప్ 50 నుంచి 65 డిగ్రీలు వేడెక్కుతుంది, ఇరవై నిమిషాలు నడిచే ప్రసక్తే లేదు. కాబట్టి చిన్న హీట్‌సింక్ ఏదో పెట్టి, గాలాడని పెట్టెలో మూసి ఉంటాడని నా అనుమానం. మన మే నెల ఎండలు దానికి తోడు.

ప్లగ్ తీసి, చల్లారాక మాడ్యూళ్లన్నీ విప్పేసి, ఉత్త సప్లైని నడపమనండి. అప్పుడూ కాలుతుంటే లోపం సప్లైలోనే. 7812 వెనక రేకు గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది, మైనస్ 12 ఇచ్చే 7912ది ఇన్‌పుట్‌కు. రెండింటినీ మధ్యలో కరెంటును ఆపే మైకా ముక్క లేకుండా ఒకే హీట్‌సింక్‌కు బిగిస్తే షార్టే. ఉత్తప్పుడు చల్లగా ఉంటే మాడ్యూళ్లు ఒక్కొక్కటే తగిలిస్తూ, ఏది ఎంత కరెంటు లాగుతోందో రాసుకోవాలి. తగిలించే ప్రతిసారీ ప్లగ్ తీయాలి. మాడ్యూల్‌ను సప్లైకి కలిపే రిబ్బన్ కేబుల్ ఎర్ర గీత మైనస్ 12 వైపే ఉండాలి. అన్నీ సరిగ్గా ఉండి కూడా వేడెక్కుతుంటే పెద్ద హీట్‌సింక్, గాలికి దారి, లేదా ఇన్‌పుట్ వోల్టేజీ తగ్గించడం. 230 వోల్టుల వైపు తెరిచే రోజు మాత్రం అతన్ని ఒంటరిగా వదలకండి.

ఈ పనికి రాకముందు నేను ఒక ఇన్వర్టర్ల కంపెనీ టెస్టింగ్ విభాగంలో ఉండేవాణ్ని. కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు 'ఏ పార్టు మార్చావు' అని కాదు, 'మార్చే ముందు ఏం కొలిచావు' అని అడిగేవాళ్లం. అక్కడే చాలామంది నీళ్లు నమిలేవారు, మంచి మార్కులు ఉన్నవాళ్లు కూడా. మీ అబ్బాయి ఈ ఒక్క లోపాన్ని తేదీలు, వోల్టులు, ఫొటోలతో నోట్‌బుక్‌లో రాసి ఉంచితే ఆ ప్రశ్నకు చెప్పడానికి అతని దగ్గర సొంత జవాబు ఉంటుంది.

ఈవీ ఛార్జర్లు, ఇన్వర్టర్లు, వైద్య పరికరాలు, అన్నిటికీ లోపల పవర్ సప్లై ఉంటుంది. దాన్ని డిజైన్ చేసేవాళ్లు, పరీక్షించేవాళ్లు కావాలి. 1967లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మీ ఇంటి పక్కనే ఉంది కదా. అలాంటి సంస్థల పరీక్షలకూ, మూడో సంవత్సరం నుంచి రాయగలిగే గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష)కూ అతను చదివే సబ్జెక్టులే పునాది. రాయదుర్గంలో నమూనా పరికరాలు తయారు చేసుకునే కేంద్రం టీ-వర్క్స్‌ను ఒకసారి చూసి రమ్మనండి, ఇలా సొంతంగా తయారు చేసేవాళ్లు అక్కడ కలుస్తారు.

జావా ఫీజు ఇప్పుడే కట్టకండి. అతని దారికి ముందు సీ ప్రోగ్రామింగ్ భాష, ఆ తర్వాత మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామింగ్ కావాలి. బ్యాక్‌లాగ్‌లు ఉంటే మాత్రం అవి పూర్తయ్యేదాకా కోఠికి నెలకు ఒక్కసారే అని గట్టిగా చెప్పండి.