విత్తనం అని రాసేముందు

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. రొమ్ము క్యాన్సర్ ఒంట్లో మిగతా చోట్లకు పాకడంలో మూలకణాల పాత్ర గురించి తెలుగులో రాయాలని పూనుకున్నందుకే నాకు సంతోషం. కానీ "క్యాన్సర్ వేరు దొరికింది" అన్న శీర్షిక దగ్గర మనసు కలుక్కుమంది. చాలా ఏళ్ళ క్రితం నేనూ అలాంటి మాటే రాశాను. అచ్చయిన వారానికి ఒకావిడ ఫోన్ చేసింది. "ఆరేళ్ళ క్రితం నాకు రొమ్ము తీసేశారమ్మా. ఆ వేరు నాలో ఇంకా ఉన్నట్టా?" అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆవిడ గొంతు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు మూలకణం, అంటే "స్టెమ్ సెల్" అన్న మాట సంగతి చూడు. మనవాళ్ళకు ఆ మాట ప్రకటనల్లోంచి వచ్చింది. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు రక్తం దాచుకోమంటారు, మోకాళ్ళ నొప్పులకు స్టెమ్ సెల్ వైద్యం అంటారు. కాబట్టి చదివేవాళ్ళ మనసులో అది మేలు చేసే కణం. నువ్వేమో మొదటి పేరాలోనే అది క్యాన్సర్‌ను పాకిస్తుందన్నావు. ఒంట్లో సహజంగా ఉండే మూలకణం వేరు, కణితి లోపల మూలకణంలా నడుచుకునే క్యాన్సర్ కణం వేరు. తనలాంటి కణాన్నీ, తనకంటే భిన్నమైన కణాలనూ పుట్టించగలగడమే రెండింటికీ ఉన్న పోలిక. ఈ తేడా చెప్పకుండా ముందుకు వెళ్ళకు.

2003 నాటి మిషిగన్ యూనివర్సిటీ ప్రయోగాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. ముహమ్మద్ అల్‌హజ్, మాక్స్ విచా, షాన్ మారిసన్, మైకేల్ క్లార్క్ తదితరులు రోగుల కణితుల్లోని కణాలను వాటి పైపొర మీది గుర్తులను బట్టి వేరు చేశారు. సీడీ44 అనే గుర్తు ఉండి, సీడీ24 అనే గుర్తు లేని లేదా బాగా తక్కువున్న కణాలు వందే ఎక్కించినా ఎలుకల్లో కణితి లేచింది. మిగతా రకం కణాలను వేలకు వేలు ఎక్కించినా లేవలేదు. వంద ఎక్కడ, వేలు ఎక్కడ! ఆ ఆశ్చర్యాన్ని చదివేవాళ్ళకూ కలిగించు.

ఆ వెంటనే, అవి రోగనిరోధక శక్తి దెబ్బతిన్న ఎలుకలని కూడా రాయి. ఎందుకంటే 2008లో అదే మారిసన్ ప్రయోగశాల మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద పనిచేస్తూ, ఇంకా బలహీనమైన ఎలుకలను వాడింది. అక్కడ దాదాపు నాలుగింట ఒక కణం కణితిని పుట్టించింది. అది వేరే రకం క్యాన్సర్, నిజమే. కానీ మొలకెత్తగల విత్తనాలు ఎన్నో తేల్చడంలో నేలకూ వాటా ఉందని తెలిసొచ్చింది. తన పాత లెక్కకు పునాదిని తనే పరీక్షకు పెట్టుకున్న శాస్త్రవేత్తంటే నాకు ఎంతో గౌరవం.

విత్తనం, నేల అన్న పోలిక మనం కల్పించింది కాదు. 1889లో లండన్ వైద్యుడు స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు చూశాడు. 241 మందికి కాలేయంలో గడ్డలున్నాయి, ప్లీహంలో 17 మందికే. రక్తం రెండింటికీ అందుతున్నా ఒకచోటే ఎందుకు మొలుస్తోంది? అనువైన నేల దొరికితేనే విత్తనం బతుకుతుందన్నాడు.

నీ తుంగ పోలిక నాకు నచ్చింది. పైన ఎంత పీకినా కింద గడ్డ ఉంటే మళ్ళీ లేస్తుంది. కీమో మందుల్లో చాలావాటి తీరు చెప్పడానికి అది పనికొస్తుంది. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధనల దారిలో వచ్చిన మెథోట్రెక్సేట్‌నే తీసుకో. విభజన కోసం డీఎన్‌ఏ తయారుచేసుకుంటున్న కణాన్ని అది పట్టుకుంటుంది. నెమ్మదిగా, ఎప్పుడో ఒకసారి విభజన చెందే కణం దానికి దొరక్క తప్పించుకోగలదు.

కానీ ఆ పోలిక ఎక్కడ తెగుతుందో కూడా నువ్వే చెప్పాలి. తుంగ ఆకు మళ్ళీ గడ్డ కాలేదు. క్యాన్సర్ కణం కాగలదు! 2008లో అమెరికా క్యాన్సర్ శాస్త్రవేత్త రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాలలో సెందురై మణి తదితరులు ఒక సంగతి చూపించారు. ఇరుగుపొరుగును అంటిపెట్టుకుని ఉండే కణం ఆ పట్టు వదిలి కదిలే గుణం తెచ్చుకున్నప్పుడు, దానితోపాటే మూలకణ లక్షణాలూ వస్తున్నాయి. వలస వెళ్ళే శక్తి, కొత్తచోట కాపురం పెట్టే శక్తి ఒకే మార్పులో వస్తున్నాయన్నమాట. మూలకణ లక్షణాలు లేని కణాలు తమంతట తామే అలా మారగలవని 2011లో అదే ప్రయోగశాల తేల్చింది. కాబట్టి "మూలకణాలన్నిటినీ చంపితే చాలు" అన్న నీ వాక్యం కొట్టెయ్. క్యాన్సర్ మూలకణం అంటే పుట్టుకతో వచ్చే జాతి కాదు, కణం ఆ పూటకు ఉన్న స్థితి.

ఇంకొకటి వదిలేశావు. మన సొంత మూలకణాలూ ఇందులో చిక్కుకుంటాయి. ఎముక మూలుగలోంచి వచ్చే ఒక రకం మూలకణాలు కణితిలో చేరి, సీసీఎల్5 అనే సంకేతం విడుదల చేసి, క్యాన్సర్ కణాలను ఊపిరితిత్తుల వైపు ఉసిగొల్పుతాయని 2007లో ఎలుకల్లో చూశారు. ఆ సంకేతాన్ని అడ్డుకుంటే జోరు తగ్గింది. దీనికి రెండు వాక్యాలు చాలు, ఉండాలి మాత్రం.

ఇక ఆ ఫోన్ మాట. ఇవాళ ఆవిడ అడిగితే ఇలా చెప్తాను: "అమ్మా, మీలో అలాంటి కణాలు మిగిలాయో లేదో చెప్పే మామూలు పరీక్ష లేదు. మిగిలినా నిద్రలేవాలని లేదు. మీది హార్మోన్‌కు స్పందించే రకమైతే అది చాలా ఏళ్ళ తర్వాత కూడా తిరిగి రావచ్చు. అందుకే ఐదేళ్ళు, కొందరికి పదేళ్ళు మాత్రలిస్తారు. బాగానే ఉన్నాం కదా అని మధ్యలో మానకండి. ఎముకల్లో నొప్పి కొత్తగా మొదలై తగ్గకపోయినా, దగ్గు వదలకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి." నీ వ్యాసంలో ఈ జవాబుకి చోటు చూసి, మళ్ళీ రాసి పంపు.

ఆశీస్సులతో,
అక్క